శ్రీముఖలింగానికి ఒక పూట చాలదు

మా నాన్న డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. ఢిల్లీ తీసుకెళ్ళి పెద్ద ఆర్ట్ గ్యాలరీలు చూపిస్తానంటే, "ముందు మన ముఖలింగం సరిగ్గా చూపించరా" అన్నారు. శ్రీకాకుళం జిల్లాలో పాత శివాలయాలున్న ఊరు అది. అలా విజయనగరం నుంచి బయల్దేరి శ్రీకాకుళంలో రూమ్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది గానీ లిఫ్ట్ పనిచెయ్యలేదు. మోకాళ్ళ నొప్పులతో మూడో అంతస్తు ఎక్కడానికి నాన్న చాలా ఇబ్బంది పడ్డారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కింద గది ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మొదటిరోజు శాలిహుండం, శ్రీకూర్మం వెళ్ళాం. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం శాలిహుండం. కొండమీద స్తూపాల దగ్గర నిలబడితే వంశధార కనిపిస్తుంది. నాన్న సగంలోనే ఆగిపోయారు. శ్రీకూర్మం గుడిలో గోడలమీది పాత బొమ్మలు వెలిసిపోతున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. అక్కడ నాకూ బాధేసింది.

రెండోరోజు ముఖలింగం. శ్రీకాకుళం నుంచి 45 కిలోమీటర్ల పైనే. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్ళు. చాలామంది మధుకేశ్వరుడి దర్శనం చేసుకుని తిరిగి వెళ్ళిపోతుంటారు. అలా చెయ్యకండి. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు, అందుకని ఎండ నేరుగా శిల్పాలమీద పడుతుంది.

ద్వారబంధం పక్కన రాతిలో చెక్కిన లత ఒకటి ఉంది. నాన్న రాయిని తాకకుండా అంగుళం దూరంలో వేలు పెట్టి, కింద నుంచి పైకి ఆ లత వెంటే వెళ్ళారు. ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ రెండు రాళ్ళు కలిశాయి. గీత వెంట్రుకవాసైనా తప్పలేదు చూడు. రాళ్ళు నిలబెట్టాకే చెక్కి ఉంటారు" అన్నారు. నాకైతే ఆయన చూపించేదాకా అక్కడ అతుకు ఉన్నట్టే తెలియలేదు.

అంతలో కారు డ్రైవరు హారన్ కొట్టడం మొదలెట్టాడు. గంటకి మించి ఆగాలంటే ఎక్స్‌ట్రా ఇవ్వాలట, ఆ మాట బేరమప్పుడు చెప్పలేదు. వెయిటింగ్ ఎంతసేపో బయల్దేరేముందే తేల్చుకోండి, కనీసం నాలుగు గంటలు అడగండి. దగ్గర్లో మాకు టీ, అరటిపళ్ళు తప్ప ఏమీ దొరకలేదు. పులిహోరో, చపాతీలో కట్టుకెళ్తే మంచిది.

ఆ రాత్రి గదిలో నాన్న నోట్‌బుక్ తీసి ఆ లత వేశారు. అతుకు దాకా వేసి పెన్సిల్ పక్కన పెట్టేశారు. పైన కొమ్మ ఎటు తిరిగిందో గుర్తు రాలేదట. మర్నాడు ఇంటికి రావలసినవాళ్ళం, పొద్దున్నే ఇంకో కారు మాట్లాడుకుని మళ్ళీ ముఖలింగం వెళ్ళాం.