గ్లెన్‌కొలమ్‌కిల్: డొనెగల్ అంచున ఐరిష్ మాట్లాడే ఊరు

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఉండే మనవాళ్లు చుట్టాలు వస్తే సముద్రపు ఒడ్డున నిలువుగా లేచిన మోహర్ కొండలు చూపిస్తారు. నన్నడిగితే ఒక్కసారైనా డొనెగల్ కౌంటీలోని గ్లెన్‌కొలమ్‌కిల్‌కు తీసుకెళ్లమంటాను. దూరం నిజమే, కారులో నాలుగు గంటలు దాటుతుంది. కిల్లీబెగ్స్ చేపల రేవు దాటాక రోడ్డు బాగా ఇరుకు, గొర్రెలు అడ్డొస్తాయి. బోర్డుల మీద ఊళ్ల పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి కాబట్టి ముందే రాసుకుంటే టెన్షన్ ఉండదు.

అందరూ స్లీవ్ లీగ్ కోసమే ఇటు వస్తారు. సముద్రం మీద దాదాపు 600 మీటర్ల ఎత్తు లేచిన కొండ అది. గొప్పదే, కానీ పొగమంచు కమ్మితే ఏమీ కనిపించదు, వేసవిలో జనం కూడా ఎక్కువ. నాకు మాలిన్ బెగ్ అనే పల్లె దగ్గరి సిల్వర్ స్ట్రాండ్ బీచ్ అంతకన్నా నచ్చింది. మూడు వైపులా కొండ, మధ్యలో తెల్లటి ఇసుక. దిగడానికి నూటయాభైకి పైగా మెట్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పై నుంచే చూడమనండి.

ఊళ్లోని ఫోక్ విలేజ్‌ను, అంటే పాతకాలపు ఇళ్ల మ్యూజియాన్ని మాత్రం వదలొద్దు. పనుల్లేక జనం వలసపోతుంటే ఊరిని నిలబెట్టాలని తపించిన ఫాదర్ జేమ్స్ మెక్‌డయర్, ఊరివాళ్లతో కలిసి 1967లో దీన్ని మొదలుపెట్టారు. ఒక్కో కాలానికి ఒక్కో పూరిల్లు. గాలికి కప్పు ఎగిరిపోకుండా గడ్డి మీదుగా తాళ్లు వేసి గోడ రాళ్లకు బిగించారు. మన కోస్తాలో తుఫాను దెబ్బలు చూసినవాళ్లు ఆ ముడుల దగ్గర కాసేపు ఆగిపోతారు. పెద్ద మ్యూజియాల్లో కూడా నాకు ఇంత బతుకు కనపడలేదు.

బస మేము ఒక ఇంటి బీ అండ్ బీలో (గదితో పాటు పొద్దున టిఫిన్ పెట్టే చోటు) చేశాం. పొద్దున వేడి సోడా బ్రెడ్, ఇంటావిడ ఆప్యాయత బాగున్నాయి. రాత్రి హీటింగ్ తొందరగా ఆపేశారు, గది చల్లబడిపోయింది. జూన్‌లో కూడా స్వెటర్ ఉండాలి. శాకాహారులు ఒకరోజు ముందే చెప్పుకోవాలి. పబ్బుల్లో వంట తొందరగా కట్టేస్తారు, ఆకలితో ఆలస్యంగా చేరితే ఇబ్బందే. పచ్చళ్లు, అటుకులు వెంట ఉంటే మంచిది.

దుకాణంలో ఊరివాళ్లు తమలో తాము ఐరిష్‌లో మాట్లాడుకుంటారు, మనతో వెంటనే ఇంగ్లిష్‌కు మారతారు. ఆ భాష మీద ఆసక్తి ఉంటే 1984 నుంచి ఇక్కడ పెద్దవాళ్లకు ఐరిష్ నేర్పుతున్న ఓయిడియస్ గేల్ అనే సంస్థ ఉంది. వేసవిలో ఆ క్లాసులకు వచ్చేవాళ్లతోనే గదులు నిండిపోతాయి, ముందే బుక్ చేసుకోండి. కారు లేకపోతే బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము చూసుకున్నాకే బయల్దేరండి.