ముప్ఫై దాటాక లా చదువు, చేతిలో ఆంకీ: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

బ్యాంకు కొలువో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమో వదిలి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరేవాళ్లు ఇప్పుడు ప్రతి లా కాలేజీలోనూ కనిపిస్తున్నారు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌కు వయోపరిమితి లేదు. పరీక్ష 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. సీటు తెచ్చుకోవడం వరకు పెద్ద చిక్కు ఉండదు. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఆదివారం చక్కగా అర్థమైన సెక్షన్ గురువారానికి పేరు కూడా గుర్తురాదు. పక్క బెంచీలో ఇరవై రెండేళ్ల విద్యార్థికి రోజంతా చదువే. నలభై ఏళ్లవాళ్లకు ఇల్లు, పిల్లలు, అమ్మానాన్నల ఆసుపత్రి పనులు పోగా మిగిలేవి చిన్నచిన్న ముక్కలే. ఆ ముక్కల్ని పనికొచ్చేలా చేసే సాధనంగా ఆంకీ నిలబడుతుందా లేదా అన్నదే ఈ సమీక్ష.

ఆంకీ ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రాం. ముందు ప్రశ్న కనిపిస్తుంది, మనసులో జవాబు చెప్పుకుని, తర్వాత అసలు జవాబు చూసి, ఎంత గుర్తుందో ఒక బటన్‌తో చెప్పాలి. దాన్నిబట్టి ఆ కార్డు మళ్లీ రేపు రావాలా, మూడు వారాల తర్వాత రావాలా అని అదే లెక్కవేస్తుంది. కంప్యూటర్‌లో ఉచితం. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ పేరుతో స్వచ్ఛందంగా తయారుచేసిన యాప్, అదీ ఉచితమే. ఐఫోన్ యాప్‌కు మాత్రం 24.99 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. ఇదే పేరును పోలిన యాప్‌లు స్టోర్లలో ఇంకా ఉన్నాయి. నెలనెలా చందా అడుగుతోందంటే అది ఈ ఆంకీ కాదు.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఆంకీ పాఠం నేర్పదు, నేర్చుకున్నదాన్ని జారిపోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పాఠం అర్థం కాకముందే ఎవరో తయారుచేసిన డెక్ (కార్డుల కట్ట) దించుకుని మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది రెండో నెలకే మానేస్తారు. లాలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే చట్టాలే మారాయి. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే విధానం చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. అంతకుముందు తయారైన డెక్కులు ఈ మూడు సబ్జెక్టులకు నేరుగా పనికిరావు.

అలాగని పాత నంబర్లు మరచిపోవడానికి వీల్లేదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఇంకా ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. పాత తీర్పులన్నీ ఆ నంబర్లతోనే ఉన్నాయి. సీనియర్ల నోట్లోనూ అవే నానుతున్నాయి. అందుకే రెండు వరసలూ తలలో ఉండాలి, ఒకదానితో ఒకటి కలవకూడదు. ఆంకీ విలువ బాగా తెలిసేది ఇక్కడే.

కలవడం ఎంత తేలికో చూడండి. ఐపీసీలో 302 అంటే హత్యకు శిక్ష. న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103, అక్కడి 302 మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటల గురించి. సీఆర్‌పీసీలో 144 అంటే ఊళ్లో నలుగురు గుమికూడకుండా ఇచ్చే నిషేధాజ్ఞ, కొత్త సురక్షా సంహితలో అది 163. కొత్తదానిలో 144 అంటే భార్యాబిడ్డల మనోవర్తి, అంటే పాత 125. ఇక 482 సంగతి మరీ ఇబ్బంది: పాత 482 హైకోర్టు సహజాధికారం, కొత్తదానిలో అది 528. కొత్త 482 ముందస్తు బెయిలు, పాతదానిలో అది 438. కార్డు ముందువైపు వట్టి ‘482 అంటే ఏమిటి?’ అని రాస్తే జవాబు రెండు రకాలుగా వస్తుంది, మెదడు రెండింటినీ కలగాపులగం చేస్తుంది. ప్రతి ప్రశ్నలోనూ చట్టం పేరు ఉండి తీరాలి. నంబర్ల జంటల కార్డుల్లో పాత చట్టానికి ఒక రంగు, కొత్త చట్టానికి ఇంకో రంగు పెడితే ఈ గందరగోళం చాలా తగ్గుతుంది.

దీనికి సొంత నోట్ టైప్ (కార్డులు పుట్టించే నమూనా ఫారం) తయారుచేసుకోవడం మంచిది. ‘టూల్స్’లో ‘మేనేజ్ నోట్ టైప్స్’కి వెళ్లి ఐదు ఫీల్డులు పెట్టండి: నేరం, పాత సెక్షన్, కొత్త సెక్షన్, శిక్ష, ఏం మారింది. ఒక నోటు నింపితే మూడు కార్డులు పుట్టేలా టెంప్లేట్లు రాయవచ్చు. నేరం చూపించి కొత్త సెక్షన్ అడిగేది ఒకటి, పాత సెక్షన్ చూపించి కొత్తది అడిగేది ఒకటి, నేరం చూపించి శిక్ష అడిగేది ఒకటి. ఉదాహరణకు నిర్లక్ష్యం వల్ల మరణం: పాత 304ఎ, కొత్త 106(1), పాత శిక్ష రెండేళ్ల వరకు, కొత్తది ఐదేళ్ల వరకు, వైద్యం చేస్తుండగా రిజిస్టర్డ్ డాక్టరు వల్ల జరిగితే రెండేళ్ల వరకు. మోసం: పాత 420, కొత్త 318(4), శిక్ష ఏడేళ్ల వరకు, జరిమానా. ఇలా చేస్తే ఒక సెక్షన్ సవరణకు గురైనప్పుడు ఒక్క నోటు దిద్దితే చాలు, మూడు కార్డులూ మారిపోతాయి. న్యాయ సంహితలో 358 సెక్షన్లు ఉన్నాయి. అన్నింటికీ కార్డులు వద్దు. శిక్ష చెప్పేవి, నిర్వచనం ఇచ్చేవి, సాధారణ మినహాయింపులు చాలు.

కార్డు రాయడంలో ఎక్కువమందికి చెడేది ఒక్క చోటే: ఒక కార్డులో చాలా విషయాలు కూరడం. చెక్ బౌన్స్ కేసునే తీసుకోండి. ‘సెక్షన్ 138 విధానం రాయండి’ అని ప్రశ్న పెడితే ఆ కార్డు ఎప్పటికీ సరిగా రాదు. నాలుగింటిలో మూడు గుర్తొస్తాయి, ఏ బటన్ నొక్కాలో తెలియదు. దాన్ని నాలుగు ముక్కలు చేయండి. చెక్కు చెల్లుబాటు ఎంత? మూడు నెలలు. బ్యాంకు నుంచి సమాచారం అందాక నోటీసు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి? 30. నోటీసు అందాక డబ్బు కట్టడానికి గడువు? 15 రోజులు. ఆ గడువు దాటాక ఫిర్యాదుకు ఎంత సమయం? ఒక నెల. ఒక్కో కార్డుకు ఐదారు సెకన్లు పడుతుంది, తప్పు ఎక్కడుందో కూడా కచ్చితంగా తెలుస్తుంది.

దొంగతనం లాంటి నిర్వచనాలకు క్లోజ్ కార్డులు, అంటే వాక్యంలో ఖాళీ పూరించే కార్డులు, సరిపోతాయి. చరాస్తి, దురుద్దేశం, స్వాధీనం నుంచి, అంగీకారం లేకుండా, కదల్చడం అనే ఐదు అంశాలతో పూర్తి వాక్యం రాసి, ఒక్కో అంశానికి వేరువేరు నంబరుతో ఖాళీ పెట్టాలి. కంప్యూటర్‌లో పదాన్ని ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కితే ఖాళీ తయారవుతుంది. నేరాల వర్గీకరణ ఉన్న సురక్షా సంహిత మొదటి షెడ్యూల్ పట్టికకు ఇమేజ్ ఆక్లూజన్ వాడవచ్చు. ఫొటో మీద గడులను మూసి అడిగే ఈ ఏర్పాటు 23.10 వెర్షన్ నుంచి ఆంకీలోనే ఉంది, విడిగా యాడ్ఆన్ అక్కర్లేదు.

అన్నిటికంటే విలువైనవి సన్నివేశం కార్డులు. ‘ముద్దాయి రిమాండ్‌లో 61వ రోజు. ఆరోపించిన నేరానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఛార్జిషీటు పడలేదు. ఏం అడుగుతావు?’ జవాబు: సురక్షా సంహిత 187(3) కింద డీఫాల్ట్ బెయిలు, అంటే గడువులోగా ఛార్జిషీటు పడనందుకు వచ్చే బెయిలు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాలకు ఈ గడువు 90 రోజులు, మిగతావాటికి 60. నంబరు అడిగే కార్డు పరీక్షకు పనికొస్తుంది, ఈ కార్డు జైల్లో ఉన్న మనిషికి పనికొస్తుంది. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లోని సెక్షన్ 12ని కూడా జాబితాగా బట్టీ పట్టవద్దు. ‘భర్తకు మంచి జీతం ఉంది. భార్య ఉచిత న్యాయ సహాయం అడిగింది. అర్హురాలేనా?’ అని రాయండి. అర్హురాలే, మహిళకు ఆదాయంతో నిమిత్తం లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఒక్కో సన్నివేశం చొప్పున తయారుచేసుకోండి. ఉద్యోగం వదిలి ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లలో చాలామంది కోరుకునేది ఇలాంటి మనిషికి తడుముకోకుండా జవాబు చెప్పగలగడమే కదా.

ఇక సెట్టింగులు. కొత్తగా దించుకోగానే రోజుకు 20 కొత్త కార్డులు అని ఉంటుంది. దీన్ని వెంటనే తగ్గించండి. కొత్త కార్డుల సంఖ్యకు సుమారు పది రెట్లు రోజువారీ పునశ్చరణలు వస్తాయని ఆంకీయే సూచిస్తుంది. అంటే 20 కొత్తవి వేస్తే కొన్ని వారాల్లో రోజుకు 200 కార్డులు ఎదురవుతాయి. లా కార్డులకు సగటున 15 సెకన్లు అనుకున్నా 50 నిమిషాలు. సంసారం ఉన్నవాళ్లకు అది రోజూ కుదరదు. ఈరోజు వేసిన కొత్త కార్డు రాబోయే నెలలకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు లాంటిది. ఎనిమిది వేయండి, రోజుకు 80 దగ్గర స్థిరపడుతుంది, 20 నిమిషాల్లో అయిపోతుంది. బస్సులో పది నిమిషాలు, మధ్యాహ్నం పది నిమిషాలు. సెలవుల్లో ఉత్సాహం వచ్చినా ఆ సంఖ్య పెంచకండి, ఆ సమయంలో పాఠాలు చదివి కార్డులు రాసి పెట్టుకోండి.

రెండోది, డెక్ ఆప్షన్లలో, విరామాలు లెక్కవేసే కొత్త పద్ధతి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్‌ను ఆన్ చేయండి. పాత లెక్క 1980ల నాటి ఎస్‌ఎం-2 పద్ధతి మీద నడుస్తుంది. ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ మీ మరపు తీరును మీ సమాధానాల నుంచే నేర్చుకుంటుంది. ‘డిజైర్డ్ రిటెన్షన్’ 0.90 దగ్గర ఉంటుంది, అంటే పది కార్డుల్లో ఒకటి మరచిపోవడం ఆ ఏర్పాటులో భాగమే. దాన్ని చూసి బెంగపడి 0.95కి పెంచేవాళ్లున్నారు. అప్పుడు విరామాలు దాదాపు సగానికి పడిపోయి పని విపరీతంగా పెరుగుతుంది. నేరచట్టాలకు 0.90, కంపెనీ లా, టాక్స్ లాంటివాటికి 0.85 సరిపోతాయని వాడకంలో తేలింది. నెలకోసారి ‘ఆప్టిమైజ్’ నొక్కండి. లెర్నింగ్ స్టెప్స్ (కొత్త కార్డు మొదట్లో తిరిగి వచ్చే వ్యవధులు) ఒక రోజు దాటకుండా చూసుకోండి.

బటన్ల విషయంలో ఒక అలవాటు మొత్తం లెక్కను పాడుచేస్తుంది. జవాబు గుర్తురానప్పుడు ‘అగైన్’ నొక్కడానికి మనసొప్పక ‘హార్డ్’ నొక్కడం. హార్డ్ అంటే ‘కష్టపడ్డాను, కానీ చెప్పగలిగాను’ అని ఆంకీ అర్థం చేసుకుంటుంది. మరచినవన్నీ అలా నొక్కితే విరామాలు అవసరానికి మించి పెరుగుతాయి. అగైన్, గుడ్ రెండే వాడినా ఏ లోటూ లేదు.

ఎనిమిదిసార్లు మరచిన కార్డుకు ఆంకీ ‘లీచ్’ అని ట్యాగ్ పెడుతుంది. దాన్ని మళ్లీమళ్లీ తిప్పుతూ కూర్చోవద్దు. తప్పు కార్డులో ఉంటుంది: ప్రశ్న అస్పష్టంగా ఉండటమో, పోలికగల ఇంకో కార్డు అడ్డురావడమో, పాఠమే అర్థం కాకపోవడమో. వారానికోసారి ఆంకీలోని బ్రౌజర్‌లో (కార్డుల జాబితా) ఆ ట్యాగ్ వెతికి, బేర్ యాక్ట్ (వ్యాఖ్యలు లేని చట్టం పుస్తకం) తెరిచి, కార్డును తిరగరాయండి, లేదా తీసేయండి.

పెళ్లిళ్లు, పండగలు, జ్వరాలు వస్తాయి, ఆరేడు వందల కార్డులు పేరుకుంటాయి. అప్పుడు కొత్త కార్డులు సున్నా చేసి, గరిష్ఠ పునశ్చరణల్ని తాత్కాలికంగా 120కి తగ్గించి రోజూ అంతే చేయండి. ఆలస్యమైనా గుర్తున్న కార్డుకు మరింత పెద్ద విరామం వస్తుంది కాబట్టి కుప్ప అనుకున్నదానికంటే త్వరగా కరుగుతుంది. డెక్ చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టడం అన్నిటికంటే నష్టం.

తెలుగులో రాసేవాళ్లకు ఒక సాంకేతిక చిక్కు ఉంది. ‘ఎఫ్‌ఐఆర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. ఫోన్‌లో రాసిన కార్డు కంప్యూటర్‌లో వెతికితే దొరకకపోవడానికి కారణం సాధారణంగా ఇదే. వెతకడానికి ట్యాగుల మీద ఆధారపడండి. జవాబు టైప్ చేయించే కార్డులూ ఇందువల్లే తెలుగులో వద్దు. జిల్లా కోర్టుల్లో సాక్షి నోట వచ్చేది తెలుగు, హైకోర్టు తీర్పు ఇంగ్లిష్. ప్రశ్న తెలుగులో, చట్టం మాట ఇంగ్లిష్‌లో ఉండేలా రాసుకుంటే రెండు వైపులా నోరు తిరుగుతుంది.

ఆంకీతో రానివీ ఉన్నాయి. దావా డ్రాఫ్టింగ్, క్రాస్ ఎగ్జామినేషన్, కక్షిదారు చెప్పే గంట కథలోంచి కేసుకు కావలసిన నాలుగు ముక్కలు ఏరడం, వీటికి కార్డులు లేవు. సెమిస్టర్ వ్యాస ప్రశ్నలకు కూడా ఇది అస్థిపంజరం మాత్రమే ఇస్తుంది. వారానికి రెండు జవాబులు చేత్తో పూర్తిగా రాయకపోతే మార్కులు రావు. ప్రాక్టీసుకు అర్హత ఇచ్చే ఆల్ ఇండియా బార్ పరీక్షకు నోట్సు లేని బేర్ యాక్ట్స్ తీసుకెళ్లనిస్తారు, అక్కడ జ్ఞాపకం కంటే ఏది ఏ పేజీలో ఉందో తెలియడం ముఖ్యం.

న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యాక అక్కర్లేని సబ్జెక్టుల డెక్కుల్ని సస్పెండ్ చేయండి, చెరపకండి. కొత్త కార్డులు రోజూ చూసే ఫైళ్ల నుంచి రావాలి: ఈ కోర్టులో ఈ పిటిషన్‌కు ఏ రూలు, ఎంత గడువు, ఏ పత్రాలు. అయితే ఆంకీ ఆన్‌లైన్ సేవ ఆంకీవెబ్‌తో సింక్ చేసిన ప్రతి అక్షరం బయటి సర్వర్‌కు వెళ్తుంది. సాక్ష్య అధినియం 132 న్యాయవాది మీద గోప్యత బాధ్యత పెట్టింది. కక్షిదారు పేరు, ఊరు, కేసు నంబరు కార్డు మీద పడకూడదు. ఫోన్ మార్చే ముందు ‘ఎక్స్‌పోర్ట్’లో మొత్తం కలెక్షన్‌ను ఒక ఫైలుగా దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కొత్త ఫోన్‌లో మొదటిసారి సింక్ చేసేటప్పుడు ‘అప్‌లోడ్’, ‘డౌన్‌లోడ్’ అని అడగవచ్చు. అక్కడ అప్‌లోడ్ నొక్కితే ఖాళీ డెక్ వెళ్లి సర్వర్‌లోని కార్డుల స్థానంలో కూర్చుంటుంది. డౌన్‌లోడ్ నొక్కండి.