వరుణ, పూసా మస్టర్డ్ 30: ఏ ఆవాలు మేలు?

కాన్పూర్‌లో రూపొందిన వరుణ, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ అందించిన పూసా మస్టర్డ్ 30 రకాలు రెండూ ఇంచుమించు 135 నుంచి 140 రోజుల్లో కోతకు వస్తాయి. గింజ లావు, నూనె దిగుబడి ముఖ్యమనుకునే రైతుకు వరుణ నమ్మకమైన పాత రకం. అయితే సాధారణ ఆవనూనెలో దాదాపు 40 శాతం ఉండే ఎరూసిక్ ఆమ్లం (ఎక్కువైతే గుండెకు మంచిది కాదని భావించే కొవ్వు ఆమ్లం) పూసా 30లో 2 శాతానికి లోపే ఉంటుంది కనుక, ఇంటి వంటకు నేను దీన్నే ఎంచుకుంటాను. ఘాటునిచ్చే గ్లూకోసినోలేట్లు ఇందులో తగ్గలేదు కాబట్టి ఆవనూనె రుచి మరిగినవారికి లోటు ఉండదు.

సాగులో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎరూసిక్ ఆమ్లం పాళ్లను గింజలో పుప్పొడి కలిసి ఏర్పడే పిండమే నిర్ణయిస్తుంది కాబట్టి, గట్టు అవతల వరుణ పూతమీద ఉంటే తేనెటీగలు మోసుకొచ్చే పుప్పొడి వల్ల అదే పంటలో పూసా 30 గింజల్లో కొన్నింటిలో ఆ ఆమ్లం పెరుగుతుంది. అందుకే పూసా 30ని ఎడంగానో, ఇరుగుపొరుగు రైతులతో కలిసి ఒకే కమతంగానో వేయాలి.