ఎప్సన్ పి700లో హానెమ్యూలె ఫోటో ర్యాగ్: ప్రొఫైల్ ఒక్కటే చాలదు

ఎప్సన్ షూర్‌కలర్ పి700 అనే ఫోటో ప్రింటర్‌లో ఎప్సన్ పేపరే వాడాలని లేదు. జర్మనీలో తయారయ్యే హానెమ్యూలె ఫోటో ర్యాగ్ 308 ఇందులో చక్కగా కుదురుతుంది. చదరపు మీటరుకు 308 గ్రాముల బరువు, పూర్తిగా పత్తి, మెరుపు లేని మ్యాట్ పేపర్. చర్మఛాయలూ, బ్లాక్ అండ్ వైట్‌లో నడిమి ఛాయలూ ఎంతో మృదువుగా వస్తాయి. ధర మాత్రం ఎక్కువే, ఒక్క షీటు పాడైనా ప్రాణం ఉసూరుమంటుంది. అలా పాడవడానికి చాలాసార్లు కారణం పేపర్ కాదు, సెట్టింగు.

ఈ పేపర్ మీద రంగులు సరిగ్గా రావడానికి ఫోటోషాప్‌కు దారి చూపే ఫైలు ఐసీసీ ప్రొఫైల్, హానెమ్యూలె సైట్‌లో ఉచితం. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ప్రొఫైల్ నొక్కాలి. ఫోటోషాప్ తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవాలి. ఇంతవరకు అందరూ చేస్తారు, దాంతోపాటు ఇచ్చే సూచనలే చదవరు. ప్రింటర్ డ్రైవర్‌లో ఏ మీడియా టైప్ (పేపర్ రకం) పెట్టి ఆ ప్రొఫైల్ కొలిచారో అక్కడే ఉంటుంది. ఎంత ఇంకు పడాలో, ఏ నలుపు పడాలో తేల్చేది మీడియా టైపే. పొరపాటున గ్లాసీ పెడితే మెరుపు పేపర్లకు వాడే ఫోటో బ్లాక్ ఇంకు పడి, ర్యాగ్ మీద నలుపు బూడిదరంగుకు దిగిపోతుంది. దీనికి మ్యాట్ పేపర్లకు వాడే మ్యాట్ బ్లాక్ ఇంకు కావాలి. పి700లో రెండు నలుపులకూ వేరువేరు నాజిల్స్ (ఇంకు చిమ్మే రంధ్రాలు) ఉన్నాయి కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినా ఇంకు వృథా కాదు. 25 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లకు ఇది చిన్న మేలు కాదు.

ప్రింట్ విండోలో 'ఫోటోషాప్ మేనేజెస్ కలర్స్', ప్రొఫైల్ పేరు, రంగుల్ని పేపర్‌కు సర్దే 'రెలటివ్ కలరిమెట్రిక్', నలుపుల్ని సర్దే 'బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్' పెట్టండి. ఆపైన డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేసి తీరాలి. మరిచిపోతే రంగులు రెండుసార్లు దిద్దబడి మొహాలు అసహజంగా మారతాయి. పెళ్లి ఫోటోల్లో కంచిపట్టు మడతల్లాంటి ముదురు ఎరుపులు మ్యాట్ మీద కలిసిపోతాయి. ముందే సాఫ్ట్ ప్రూఫ్‌లో (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే సదుపాయం) చూసి నీడల్ని కాస్త పైకి లేపాలి.

చెన్నై తేమ దీనికి పెద్ద శత్రువు. ప్యాకెట్ విప్పి వదిలేస్తే పత్తి తేమ పీల్చుకుని అంచులు లేస్తాయి, ప్రింట్ హెడ్ రాసుకుని నల్లటి గీతలు పడతాయి. ఆ పూటకు కావలసిన షీట్లే తీసి, మిగతావి గాలి చొరని కవర్లో పెట్టాలి. డ్రైవర్‌లో ప్లాటెన్ గ్యాప్ (ప్రింట్ హెడ్‌కూ పేపర్‌కూ మధ్య ఎడం) ఒక మెట్టు పెంచాలి. షీటు మీది పత్తి నూగును మెత్తటి బ్రష్‌తో దులిపాకే లోపల పెట్టాలి. లేదంటే ప్రింట్ అయ్యాక ఆ నూగు రాలి తెల్లచుక్కలు మిగులుతాయి.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే 180 గ్రాముల చౌక గ్లాసీ పేపర్ల సంగతి వేరు. చాలావాటికి ప్రొఫైల్ ఉండదు, పి700లోని పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగు రేణువులున్న ఇంకు) కొన్నింటి మీద ఆరదు. ఒక షీటు ప్రింట్ తీసి, రోజంతా ఆరనిచ్చి వేలితో రుద్దండి. రంగు అంటితే ఆ పేపర్‌కు ప్రొఫైల్ చేయించడం డబ్బు దండగ. అంటకపోతే ముందు సరైన మీడియా టైప్ తేల్చుకుని, కలర్ మేనేజ్‌మెంట్ లేకుండా రంగు గళ్ల చార్ట్ ప్రింట్ తీసి, అదీ రోజంతా ఆరాకే రంగుల్ని కొలిచే పరికరం స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిపించి ప్రొఫైల్ చేయించాలి.

రీఫిల్ ఇంకు పోసిన ప్రింటర్‌కు మాత్రం హానెమ్యూలె ప్రొఫైల్ పనికిరాదు. అది ఎప్సన్ ఇంకుతో కొలిచింది. అసలు ఇంకే వాడేవారు ముందు 25 షీట్ల ఏ4 డబ్బా కొని చేయి తిరిగాక ఏ3 ప్లస్‌కు వెళ్లండి.