పిల్లల పొడి చర్మానికి ఏది మేలు: కొబ్బరినూనా, నువ్వులనూనా, పెట్రోలియం జెల్లీనా?

చలి మొదలవగానే పిల్లల పిక్కల మీద తెల్లగా పొర లేస్తుంది. గోటితో గీస్తే గీత పడుతుంది. కొందరికి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక గోకి గోకి ఎర్రబడుతుంది, రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఇంట్లో తలా ఒక మాట చెప్తారు. అమ్మమ్మ నువ్వులనూనె రాసి నలుగు పెట్టమంటుంది, నానమ్మ కొబ్బరినూనె చాలంటుంది, పక్కింటావిడ వేపాకు నీళ్లు పోయమంటుంది. మందుల షాపులో అడిగితే ఏదో ట్యూబు చేతిలో పెడతారు. ఎవరి మాట వినాలో తెలియక, నాలుగు రోజులకొకటి మారుస్తూ పోయే తల్లులను చాలామందిని చూశాను. అందుకే వీటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందుగా ఒక మాట. ఏ నూనె అన్నదాని కంటే ఎప్పుడు రాస్తున్నామన్నదే పెద్ద విషయం. మన అలవాటు ఏమిటి? నూనె పట్టించి, కాసేపు ఎండలో కూర్చోబెట్టి, పిండితో బాగా రుద్ది, వేడినీళ్లు పోస్తాం. పండగపూట తలంటుకి అది బాగుంటుంది. పొడిచర్మం పిల్లలకి మాత్రం రాసిన నూనెంతా పిండితో పోతుంది, చర్మంలో సహజంగా ఉండే కొవ్వు కూడా కొంత దాని వెంటే పోతుంది. చర్మం మీద నూనె ఉండాల్సింది స్నానం తర్వాత. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద ఇంకా కాస్త తడి ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాల్లోపే రాయాలి. అప్పుడే ఆ తడి లోపల నిలుస్తుంది. పూర్తిగా ఆరిపోయిన చర్మానికి రాస్తే మెరుపు వస్తుంది గానీ తేమ అంతగా నిలవదు.

ఇక నూనెల సంగతి.

కొబ్బరినూనెకి నా ఓటు. ఊరికే అలవాటు కొద్దీ చెప్తున్న మాట కాదిది. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదతో ఎర్రబడే జబ్బు ఉన్న 117 మంది పిల్లల మీద ఫిలిప్పీన్స్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. సగం మందికి వర్జిన్ కొబ్బరినూనె (పచ్చికొబ్బరి నుంచి తీసింది), మిగతా సగానికి మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి తీసే నూనె) ఎనిమిది వారాలు రాశారు. ఎగ్జిమా తీవ్రత కొలిచే స్కోరు కొబ్బరినూనె రాసినవాళ్లలో సగటున 68 శాతం తగ్గింది, మినరల్ ఆయిల్ రాసినవాళ్లలో 38 శాతం తగ్గింది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. అది తేమను పట్టి ఉంచడంతో పాటు, గోకిన చోట చేరి చీము పట్టించే స్టాఫ్ బాక్టీరియాను కూడా అదుపులో పెడుతుంది. మిగతా నూనెలకి లేని సుగుణం ఇది.

అయితే ఆ పరీక్షలో వాడింది వర్జిన్ నూనె, మనం తలకి రాసుకునే వాసన నూనె కాదు. మల్లె, గంధం, ఉసిరి అంటూ పరిమళం కలిపిన సీసాలు పిల్లల ఒంటికి వద్దు, ఆ పరిమళమే దురద పెంచొచ్చు. కొనగలిగితే వర్జిన్ నూనె కొనండి, లేదంటే గానుగలో ఆడించిన స్వచ్ఛమైన కొబ్బరినూనె వాడండి. 24 డిగ్రీల దగ్గర ఇది గడ్డకడుతుంది. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు పొద్దున్నే సీసా వంచితే చుక్క రాదు. పొయ్యి మీద పెట్టకుండా, వెడల్పు మూతి డబ్బాలో పోసుకుని, గడ్డనే అరచేతుల్లో రుద్దితే చాలు, కరిగిపోతుంది.

నువ్వులనూనె చెడ్డదేం కాదు గానీ ఈ పనికి నేను రెండో స్థానమే ఇస్తాను. ఇందులో చర్మానికి మేలు చేసే లినోలిక్ ఆమ్లం, పైపొరను వదులు చేసే ఓలిక్ ఆమ్లం రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. చర్మం బాగున్న బిడ్డకి మాలిష్ చేయడానికి ఇబ్బంది లేదు. పగిలి, గీరుకుపోయిన చర్మానికి మాత్రం నేను రాయను. నువ్వులు పడని పిల్లలు కూడా ఉంటారు. పగుళ్లున్న చర్మం మీద తిండి పదార్థాలు రాస్తూ పోతే ఒంటికి వాటి మీద అలర్జీ మొదలయ్యే అవకాశం ఉందని ఇప్పుడు వైద్యులు గట్టిగానే చెప్తున్నారు. వేరుశనగ నూనె విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

ఆలివ్ నూనె ఖరీదైనది కాబట్టి మంచిదనుకుంటారు. విదేశాల్లో ఉండే మనవాళ్లు పాపాయికని పంపిస్తుంటారు కూడా. అందులో ఎక్కువ భాగం ఓలిక్ ఆమ్లమే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో ఆలివ్ నూనె చర్మపు పైపొరను బలహీనపరిచిందని 2013లో తేలింది. వంటకి వాడుకోండి. ఆవనూనె ఘాటుకి చర్మం మండుతుంది, దాని జోలికే వెళ్లొద్దు.

పెట్రోలియం జెల్లీ పేరు వినగానే ‘అది సహజం కాదుగా’ అంటారు. నిజమే, ముడి చమురు నుంచి తీసిందే. అమెరికాలో చీస్‌బరో అనే రసాయనవేత్త 1872లో పేటెంటు తీసుకున్నాడు. కానీ చర్మం నుంచి తేమ బయటికి పోకుండా ఆపడంలో ఏ నూనే దీనికి సాటి రాదు. గిన్నె మీద మూత పెట్టినట్టే పనిచేస్తుంది. పరిమళం కలపని తెల్ల జెల్లీకి అలర్జీ రావడం చాలా అరుదు. పెదవుల చుట్టూ చొంగ కారి ఎర్రబడ్డ చోట, పగిలిన మడమల మీద, మోచేతుల మీద కొబ్బరినూనె కంటే ఇదే మేలు. హీటరు గాలికి ఒళ్లంతా బిరుసెక్కే అమెరికా చలికాలంలోనూ ఇదే ఎక్కువ పని చేస్తుంది. మన కోస్తాలో ఉక్కపోత రోజుల్లో ఒళ్లంతా పూస్తే మాత్రం చెమట లోపలే ఆగి చెమటకాయలు లేస్తాయి. విజయవాడ మే నెలలో పల్చగా కొబ్బరినూనె చాలు, అది కూడా పొడిగా ఉన్న చోట్లే.

లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్లలో ఏది మేలో తేల్చడానికి బ్రిటన్‌లో 550 మంది ఎగ్జిమా పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. నాలుగింటి మధ్యా గుణంలో తేడా కనిపించలేదు. కాబట్టి జిడ్డని బిడ్డ పారిపోతుంటే బలవంతంగా అదే రాయక్కర్లేదు. ఒప్పుకునేదేదో అది రోజూ రెండు పూటలా, ధారాళంగా రాయండి. ఎగ్జిమా ఉన్న పిల్లలకి వారానికి 250 గ్రాముల దాకా పట్టొచ్చు. వేలికొనతో అద్దే చుక్క సరిపోదు.

సున్నిపిండా, సబ్బా? ఒళ్లంతా రోజూ రుద్దడానికైతే రెండూ వద్దనే చెప్తాను. గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల్లోపు స్నానం, చంకలు, గజ్జలు, పాదాల దగ్గర మాత్రం కాస్త సబ్బు. అది కూడా ‘సబ్బు కాని సబ్బు’, అంటే సిండెట్ బార్ అయితే మంచిది. మామూలు సబ్బుకి క్షారగుణం ఎక్కువ, చర్మానికేమో కాస్త ఆమ్లగుణం ఉండాలి. సున్నిపిండి కావాలనుకుంటే వారానికోసారి, పెసరపిండి గుడ్డలో జల్లించి, పాలతోనో నీళ్లతోనో పల్చగా కలిపి, రుద్దకుండా పూసి కడిగేయండి. పుండు పడ్డ చోట అదీ వద్దు. పచారీ కొట్లో నలుగుపిండికని కట్టిచ్చే పొట్లంలో కచ్చూరాలు, వట్టివేళ్లతో పాటు బావంచాలు కూడా ఉంటాయి. బావంచాల్లోని సొరాలెన్ అనే పదార్థం వల్ల ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. పిల్లలకి పట్టించే పిండిలో బావంచాలు తీసేయించండి.

దురద అప్పటికప్పుడు ఆగాలంటే చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి నూలుగుడ్డను ఐదు నిమిషాలు వేసి, తీయగానే నూనె రాయడం కంటే మంచి ఉపాయం నాకు తెలియదు. తర్వాతి స్థానం ఓట్స్‌ది. వట్టి ఓట్స్‌ను మిక్సీలో మెత్తగా పట్టి, చెంచాడు గ్లాసు నీళ్లలో వేస్తే నీళ్లు పాలలా తెల్లబడాలి, అలా అయితేనే సరిగా నలిగినట్టు. గుప్పెడు పిండి స్నానం నీళ్లలో కలపండి. తొట్టి జారుతుంది, బిడ్డను పట్టుకునే ఉండండి. వేపాకు నీళ్లు మనకి ఆటలమ్మ నాటి నుంచీ నమ్మకం, కానీ పొడి చర్మానికి కావాల్సిన తేమ వాటితో రాదు. ఇక వేపనూనె పిల్లల నోట్లో చుక్క కూడా పడకూడదు, ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది కొబ్బరినూనెలో కర్పూరం కరగబెట్టి రాసే అలవాటు. చల్లగా అనిపించి దురద తగ్గినట్టే ఉంటుంది. కానీ కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది, పగిలిన చర్మమైతే ఇంకా ఎక్కువగా వెళ్తుంది. పసిపిల్లలకి ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. రెండేళ్ల లోపు పిల్లలకి అసలే వద్దు, ఆ పైన పిల్లలకీ నేను రాయను. దేవుడి దగ్గర పెట్టే బిళ్లలు కూడా చేతికి అందకుండా దాచండి.

ఇంటి వైద్యంతో తగ్గనివీ ఉంటాయి. వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ దురద ఉండి, రాత్రిళ్లు ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికి కూడా మొదలైతే అది గజ్జి. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. అంచు ఎర్రగా గుండ్రంగా పెరుగుతుంటే తామర. పచ్చగా రసి కారి పెచ్చు కట్టినా, జ్వరం వచ్చినా, చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచినా అదే రోజు డాక్టరుకి చూపించండి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. తామర మీద రాస్తే రెండు రోజులు తగ్గినట్టు ఉండి తర్వాత ఒళ్లంతా పాకుతుంది. డాక్టరు చూసి రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్‌కి మాత్రం భయపడకండి. చెప్పినన్ని రోజులు, చెప్పినంతే రాస్తే ఎర్రబడ్డ ఎగ్జిమాకి అదే సరైన మందు, నూనె రాయడం దాంతో పాటు సాగాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో రాస్తున్న నూనె సీసా, నలుగుపిండి పొట్లం, సబ్బు రేపరు సంచిలో వేసుకుని వెళ్లండి. ఏది మానాలో వాటిని చూస్తే వాళ్లు అక్కడే చెప్పగలరు.