ఆర్‌ఎక్స్ 100లో టూటీ ఆయిల్ మారిస్తే పొగ ఎంత తగ్గింది?

మాది తొంభైల నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. అమ్మే ఉద్దేశం లేదు. కానీ వెనక వచ్చేవాళ్ల ముఖాన పొగ కొట్టకుండా నడపాలన్నది నా పట్టుదల. అందుకే ఏళ్ల తరబడి టూటీ ఆయిళ్లు, అంటే టూ స్ట్రోక్ ఇంజన్లకు పోసే నూనెలు, మార్చి మార్చి వాడి చూశాను.

టూ స్ట్రోక్‌లో ఈ ఆయిల్ ఇంజన్ అడుగున నిలవ ఉండదు. పెట్రోలుతో పాటే లోపలికెళ్లి కొంత కాలుతుంది, మిగతాది కాలకుండానే సైలెన్సర్‌లోంచి వచ్చేస్తుంది. మనకు కనిపించే నీలిపొగలో ఎక్కువ భాగం ఆ కాలని నూనె తుంపరే.

లూజ్ ఆయిల్ వాడిన రోజుల్లో సైలెన్సర్ లోపలి చిల్లుల గొట్టం (బఫిల్) బయటికి లాగితే చిల్లులన్నీ నల్లటి జిగట మసితో పూడుకుపోయి ఉండేవి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలు పొరలుగా ఊడేది. ప్లగ్ ఎప్పుడు విప్పినా తడి తడిగా, నల్లగానే. తర్వాత డబ్బా మీద జాసో ఎఫ్‌సీ (ఈ నూనెలకు జపాన్ ప్రమాణాల్లో ఒక గ్రేడు) అని ఉన్న సెమీ సింథటిక్‌కి మారాను. పాత నూనె ట్యాంకులోంచి పూర్తిగా తీసేసి, పంపులో గాలి వదిలించి, కొత్తది పోశాం. సైలెన్సర్‌లో పేరుకున్న పాత నూనె కాలిపోయేదాకా పొగ అలాగే వచ్చింది. ఆ తర్వాత స్పష్టంగా తగ్గింది. పొద్దున కిక్ కొట్టినప్పుడు కాస్త కనిపిస్తుంది, ఇంజన్ వేడెక్కాక దాదాపు కనపడదు. పొగ తక్కువ ఆయిళ్లలో బరువైన ఖనిజ నూనెకు బదులు పాలీఐసోబ్యూటిలీన్ కలుపుతారు. అది వేడికి విడిపోయి శుభ్రంగా కాలిపోతుంది, తేడా అక్కడే.

ఇప్పుడు పోస్తున్నది మోటుల్ 710. ఫుల్ సింథటిక్, ఎఫ్‌సీ కంటే పైదైన ఎఫ్‌డీ గ్రేడు. ధర బాగా ఎక్కువ. పొగ కోసమే అయితే అంత పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. కింది గ్రేడైన ఎఫ్‌బీ నుంచి ఎఫ్‌సీకి వస్తే పొగ నిబంధన గట్టిపడుతుంది కానీ, ఎఫ్‌సీకీ ఎఫ్‌డీకీ పొగ పరిమితి ఒకటే. ఎఫ్‌డీలో అదనంగా వచ్చేది పిస్టన్ శుభ్రత. హెడ్ విప్పినప్పుడు పిస్టన్ మీద మసి పలచగా ఉండటం చూశాను, నేను దీన్ని వదలనిది అందుకే.

ఆయిల్ రకం కంటే ముందు చూడాల్సింది ఎంత పోతోందన్నది. ఆర్‌ఎక్స్‌కి ఆటోల్యూబ్ పంపు ఉంది, యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ అదే నూనె అందిస్తుంది. అయినా చాలామంది పెట్రోల్ ట్యాంకులో కూడా కాస్త పోస్తారు. "ఎంత పోస్తే ఇంజన్‌కి అంత బలం అన్నా" అంటాడు మా వీధి మెకానిక్. బలం సంగతేమో గానీ ఎక్కువైనదంతా పొగే. పంపు కేబుల్ గుర్తుకు సరిపెట్టించాక, అదే ఆయిల్‌తోనే పొగ ఇంకొంత తగ్గింది. ఢిల్లీలో 1998 చివరికల్లా లూజ్ టూటీ ఆయిల్ అమ్మకం ఆపి, బంకుల్లోనే కొలత ప్రకారం కలిపి పోయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. నాసిరకం నూనె, అడ్డగోలు కొలత, రెండూ ఒకేసారి పోవాలనే కదా.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర మాత్రం ఆయిల్ మీద ఆశ పెట్టుకోవద్దు. 2000 మార్చి 31 లోపు తయారైన బైకులకు ఐడ్లింగ్‌లో (బండి నిలిపి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం దాకా అనుమతి. పొగ చిక్కదనం ఆ పరీక్షలో కొలవరు. నా బండికి కార్బన్ మోనాక్సైడ్ తగ్గింది ఎయిర్ ఫిల్టర్ కడిగి, కార్బురేటర్ స్క్రూ సరిచేశాకే. పైగా టూ స్ట్రోక్‌లో పొగ బయటికెళ్లే ద్వారం (ఎగ్జాస్ట్ పోర్టు) తెరిచి ఉండగానే కొంత తాజా పెట్రోలు అలాగే బయటికి జారిపోతుంది. ఎంత ఖరీదైన నూనె పోసినా దాన్ని ఆపలేదు. పొగ కనపడనంత మాత్రాన ఈ బండి ఫోర్ స్ట్రోక్ అంత శుభ్రమని నేను చెప్పను.

మంచి ఆయిల్ పోసి, పంపు సరిచేయించినా చిక్కటి తెల్లపొగ ఆగకపోతే, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతోందేమో చూడండి. తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ (గేర్ ఆయిల్ ఇంజన్‌లోకి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయినట్టే. ఇంజన్ గేర్ ఆయిల్‌ని లోపలికి లాక్కుని కాలుస్తుంటుంది. అప్పుడు మార్చాల్సింది సీల్, ఆయిల్ కాదు.