లెక్కల హోంవర్క్‌కి ఎన్‌వీడీఏ + మ్యాథ్‌క్యాట్: 5కి 4 స్టార్లు

నాకు పుట్టినప్పట్నుంచీ చూపు లేదు, డిగ్రీలో మ్యాథ్స్ చదువుతున్నా. సైన్స్ గ్రూపు కోసం చూపులేని పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా కోర్టుకెక్కాల్సొచ్చింది, నాకు సీటైతే అడగ్గానే ఇచ్చారు గానీ నా దగ్గర హోంవర్క్ ఎలా తీసుకోవాలో మాత్రం ఎవరికీ తెలీదు. దానికి ఇప్పుడు నేను వాడేది ఎన్‌వీడీఏ (కంప్యూటర్ స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), దాంతో పాటు మ్యాథ్‌క్యాట్ (ఈక్వేషన్లని మాటల్లో చదివేది).

స్కూల్లో మాకు టేలర్ ఫ్రేమ్ ఉండేది, చూపులేనివాళ్ళు లెక్కలు చేసుకునే చిల్లుల పలక. ఎనిమిది మూలల చిల్లుల్లో టైపులనే చిన్న మెటల్ ముక్కలు తిప్పి పెడతాం, ఏ మూలకి తిరిగుందో దాన్నిబట్టి అంకె. లెక్క చేసుకోడానికి దాన్ని మించింది లేదని ఇప్పటికీ అంటా, మొత్తం వేళ్ళ కిందే ఉంటుంది. కానీ సార్‌కి ఇచ్చేదెలా? తర్వాత లెక్క మొదలెట్టాలంటే ముందుది పీకేయాల్సిందే. ఒకసారి తమ్ముడి కాలు తగిలి ఫ్రేమ్ బోర్లా పడింది, అరగంట కష్టం మంచం కిందకి దొర్లిపోయింది. బ్రెయిల్‌లో రాసిస్తే కాలేజీలో చదివేవాళ్ళు లేరు, అక్కతో రాయిస్తే "మైనస్ బ్రాకెట్ లోపలా బయటా" అని అడిగి అడిగి విసుక్కునేది.

ఎన్‌వీడీఏ ఫ్రీ, మ్యాథ్‌క్యాట్ కూడా ఫ్రీ. లెక్కలు రాసేది వర్డ్‌లో, అది మాత్రం మరీ పాతదైతే కుదరదు. వర్డ్‌లో ఆల్ట్, ఈక్వల్స్ కలిపి కొడితే ఈక్వేషన్ బాక్స్ వస్తుంది, అందులో మామూలుగా టైప్ చేసి స్పేస్ కొడితే భిన్నాలు, రూట్లు అచ్చం పుస్తకంలోలా మారిపోతాయంట, చూసినోళ్ళు చెప్పారు. రాసింది చెక్ చేసుకోవాలంటే ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), ఆల్ట్, ఎం కలిపి కొట్టి లోపలికెళ్ళి యారో కీలతో ముక్క ముక్కా వింటా. మొదట్లో 1 స్లాష్ ఎక్స్ ప్లస్ 1 అని కొట్టేశా, ఆ ప్లస్ 1 కాస్తా భిన్నం బయట పడిందని ఇలా వింటేనే తెలిసింది. కింద రాసేదాన్ని బ్రాకెట్‌లో పెట్టాలి, స్పేస్ కొట్టగానే ఆ బ్రాకెట్ అదే మాయమైపోతుంది. ఇది అలవాటవడానికి నాకు వారం పట్టింది.

ఇంకోటి, పీడీఎఫ్ చేశాక నా దగ్గర ఈక్వేషన్లు సరిగా చదవట్లేదు, అందుకే వర్డ్ ఫైలే మెయిల్ చేస్తా, సార్ అందులోనే తప్పులు రాసి పంపితే నేనే వినగలను.

అసలు గోల క్వశ్చన్ల దగ్గరే. బోర్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు, దానికి మ్యాథ్‌క్యాట్ ఏం చేస్తుంది పాపం. ఒకసారి ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చేది) పెడితే ఎక్స్ స్క్వేర్ కాస్తా ఎక్స్ 2 అయింది, నేను 2ఎక్స్ అనుకుని రెండు పేజీలు చేశా, ఆన్సర్ భలేగా వచ్చింది, కాకపోతే వేరే లెక్కకి. అప్పట్నుంచి క్వశ్చన్లు టైప్ చేసి పంపమని బతిమాలుతున్నా.

గ్రాఫులు, బొమ్మలు మాత్రం దీంతో అవ్వవు. ఇప్పటికీ రబ్బరు షీట్ మీద ప్లాస్టిక్ పేపర్ పెట్టి పెన్నుతో నొక్కి గీసి, అక్కతో ఫోటో తీయించి పంపుతున్నా, ఆ ఒక్క స్టార్ కట్ చేసింది అందుకే.